శత్రువు తెచ్చిన నీళ్ళు తాగొచ్చా?



పోయిన వారం మన ఛానల్‌లో మంత్రాలయం వీడియో వచ్చింది కదా. అందులో ఒక నలభై సెకండ్ల ముక్క ఉంది, మన్రో దొర రాఘవేంద్రస్వామి బృందావనం ముందుకు వచ్చిన ఘట్టం. అది ఉంచాలా, తీసెయ్యాలా అని ఎడిటింగ్ రోజు రాత్రి మా టీంలో పెద్ద గొడవే అయింది. స్క్రిప్ట్ రాసే మా ఫ్రెండ్ సూటిగా అడిగింది: "కంపెనీ సైన్యంలో పనిచేసి మన నేలను గెలుచుకున్నవాడు కదా ఆయన. అట్లాంటి మనిషికి స్వామివారు దర్శనం ఇచ్చారని మనం గర్వంగా చెప్పుకోవడం ఏంటి? ఇది భక్తా, బానిసత్వమా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రికి "కథ ఎట్లా ఉంటే అట్లా చెబుదాం" అని తప్పించుకున్నాను. వీడియో అయితే వెళ్ళిపోయింది గానీ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దానికి ఒక కారణం ఉంది. ఇదే ప్రశ్న మడకశిర దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో, నేను పుట్టకముందు నుంచే ఉంది. అది తర్వాత చెప్తాను. ముందు మన్రో సంగతి.

ఎవరీ మన్రో?

థామస్ మన్రో 1761లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో పొల్లిలూరు దగ్గర హైదర్ అలీ, టిప్పూల సైన్యం కంపెనీ సైన్యంలో ఒక పెద్ద దళాన్ని తుడిచిపెట్టింది. ఆ దళాన్ని కలుసుకోవాల్సిన రెండో సైన్యం వెనక్కి తిరిగి మద్రాసుకు పరిగెత్తింది. ఆ రెండో సైన్యంలో ఉన్నాడు మన్రో. అప్పటికి వయసు పంతొమ్మిది. అంటే మనం ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్‌లో ఉండే వయసు.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళ పాటు మైసూరుతో యుద్ధాలు జరుగుతూనే ఉన్నాయి. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. హైదర్, టిప్పూల ఏలుబడిలో ఉన్న మా అనంతపురం వైపు నేల నిజాం చేతికి వచ్చింది. నిజాం 1800లో దాన్ని సైన్యం ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు వైపు ప్రాంతాలు అన్నీ కలిపి "దత్త మండలాలు" అన్నారు. ఇక్కడి జనాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఒక రాజు బాకీ కింద ఇంకొకరి పద్దులోకి వెళ్ళిపోయారు, అంతే.

ఆ దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చింది ఈ మన్రోనే. నిన్నటి దాకా ఇటువైపు తుపాకీ పట్టుకున్న సైనికుడు, ఇవాళ శిస్తు వసూలు చేసే అధికారి. ఏడేళ్ళున్నాడు, 1800 నుంచి 1807 దాకా. ఆ ఏడేళ్ళలో ఎక్కువ భాగం గుడారాల్లోనే గడిపాడు. ఊరూరా తిరిగాడు, రైతులతో నేరుగా మాట్లాడాడు, పొలాలన్నీ కొలిపించాడు. మధ్యలో జమీందారు లేకుండా ఎవరి పొలానికి వాళ్ళే సర్కారుతో లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటి. అప్పట్లో శిస్తు పంటలో దాదాపు సగానికి చేరేది. మా వైపు నేల సంగతి మీకు తెలుసు కదా, వాన పడితే పంట, లేకపోతే లేదు. అంత శిస్తు ఈ నేల మోయలేదని, నూటికి ఇరవై ఐదు తగ్గించాలని 1807లో వెళ్ళిపోయే ముందు మన్రో రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. పదమూడేళ్ళు గడిచాయి. 1820లో ఆయనే మద్రాసు గవర్నర్‌గా తిరిగి వచ్చాడు. అప్పుడు ఆ తగ్గింపును అమల్లో పెట్టాడు. ట్రాన్స్‌ఫర్ అయిపోయాక పాత పోస్టింగ్‌లోని ఒక ఫైలును పదమూడేళ్ళు మనసులో పెట్టుకునే ఆఫీసర్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

గవర్నర్‌గా ఉన్నప్పుడే మన పల్లె బడుల లెక్క తీయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు ఉన్నారని 1826లో తేలింది. ఇంగ్లీషువాళ్ళు రాకముందు మనకు చదువే లేదు అనేవాళ్ళకు జవాబుగా ధరంపాల్ గారు తన పుస్తకంలో ముఖ్యంగా వాడుకున్నది ఈ లెక్కలనే. ఈ దేశం వాళ్ళను పెద్ద ఉద్యోగాల్లోకి తీసుకోవాలని, వాళ్ళు తమను తాము పాలించుకోగలిగే రోజు వస్తే మనం గౌరవంగా తప్పుకోవాలని 1824లోనే ప్రభుత్వ పత్రంలో రాసిపెట్టాడు.

1827లో ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్ళిపోయే ముందు దత్త మండలాలను ఒకసారి చూసి వస్తానని బయలుదేరాడు. దారిలో కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో ప్రాణం పోయింది. గుత్తి కోట కింద పూడ్చిపెట్టారు, తర్వాత మద్రాసుకు తీసుకెళ్ళారు. పత్తికొండలో ఆయన పేరు మీద తోపు వేసి బావి తవ్వించారు, గుత్తిలో సత్రం కట్టించారు. కరువు సీమలో ఒక మనిషికి చేసే గుర్తు అదే, నీళ్ళు, నీడ. మా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు.

పేరు పెట్టడం చిన్న విషయం కాదు. గెలిచిన సైన్యం విగ్రహం పెట్టించగలదు, ఊయలలో బిడ్డకు పేరు పెట్టించలేదు కదా.

ఇంకో పేజీ కూడా ఉంది

ఇక్కడితో ఆపేస్తే వీడియో బాగుంటుంది. కానీ మా ఫ్రెండ్ అడిగిన ప్రశ్నకు అన్యాయం అవుతుంది.

దత్త మండలాల్లో అప్పటికి ఎనభై మంది దాకా పాళెగాళ్ళు ఉండేవాళ్ళు. సొంత కోటలు, సొంత బలగాలు. వాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, జనాన్ని పీడించినవాళ్ళూ ఉన్నారు. మన్రో వాళ్ళందరి బలం విరిచేశాడు. కొందరి పాళేలు లాక్కున్నాడు, కొందరికి పెన్షన్ ఇచ్చి కూర్చోబెట్టాడు. 1801లో కర్నూలు వైపు తెర్నేకల్లు అనే ఊరు శిస్తు దగ్గర కంపెనీకి ఎదురు తిరిగింది. సైన్యం వెళ్ళింది. ఊరు పడిపోయింది. ఊరి పెద్ద గౌడప్పను ఉరి తీశారు.

పెన్షన్ ఇచ్చి కూర్చోబెట్టిన పాళెగాళ్ళ కుటుంబాల్లో ఒకదాంట్లో పుట్టినవాడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. సినిమా మనమందరం చూశాం. ఆయన తిరగబడింది 1846లో, అంటే మన్రో పోయిన దాదాపు ఇరవై ఏళ్ళకు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆ తర్వాత ఆయన తలను కిందికి దించలేదు. 1877 దాకా, ముప్పై ఏళ్ళు, అట్లాగే వేలాడదీశారు.

ఆ ఉరి మన్రో వేసింది కాదు. కానీ ఆ కుటుంబాన్ని పెన్షన్ మీద బతికే స్థితికి తెచ్చిన ఏర్పాటు ఆయనదే. శిస్తు తగ్గించాలని రాసిన చెయ్యి, ఊళ్ళ మీదికి సైన్యాన్ని పంపిన రాజ్యం చెయ్యి ఒకే మనిషివి. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచితే అది భక్తి కాదు, పబ్లిసిటీ.

మరి ఇట్లాంటి మనిషితో మన పెద్దవాళ్ళు ఎట్లా రాజీపడ్డారు? రాజీపడటం కరెక్టేనా?

రాముడు చేసిన మొదటి పని

రావణుడు నేలకూలిన తర్వాత రాముడు చేసిన పని గుర్తు చేసుకుందాం. సీతమ్మ ఇంకా అశోకవనంలోనే ఉంది. రామయ్య ఆ కబురు కూడా పంపకముందే శత్రువు అంత్యక్రియల సంగతి చూశాడు. విభీషణుడు వెనకాడాడు. అన్నే గానీ, ఇంత పాపం చేసినవాడికి నేను సంస్కారం చేయాలా అన్నాడు. అప్పుడు రాముడు చెప్పిన మాట వాల్మీకి యుద్ధకాండలో ఉంది. చావుతో వైరం అయిపోయిందని, పని నెరవేరిందని, ఇతడు నీకు ఎట్లాగో నాకూ అట్లాగే అని, కాబట్టి సంస్కారం చేయమని ఆయన చెప్పాడు.

మా వైపు నుంచి హిందూపురం మీదుగా పోతే లేపాక్షి వస్తుంది. సీతమ్మను కాపాడబోయి జటాయువు పడిపోయిన చోటు అదేనని మా నమ్మకం. జటాయువుకు రాముడు తండ్రికి చేసినట్టు తన చేతులతో సంస్కారం చేశాడు. ఆ జటాయువు రెక్కలు నరికింది రావణుడే. జటాయువు చితి చూసిన ఆ కళ్ళే రావణుడి చితి కూడా దగ్గరుండి జరిపించాయి. రాముడు జటాయువును మర్చిపోయాడా? లేదు. రావణుడు తప్పు చేయలేదని అన్నాడా? అదీ లేదు. తప్పు తప్పే. కానీ శవం మీద కోపం లేదు.

ఇప్పుడు కోయిలకుంట్లలో ముప్పై ఏళ్ళు వేలాడిన ఆ తలను తలచుకోండి. గెలిచినవాడు ఎట్లా ఉండకూడదో అది చూపిస్తుంది. యుద్ధం ముగిసిందని ముందుగా చేతలతో చెప్పాల్సింది గెలిచినవాడే. ఓడినవాడి దగ్గరికి వెళ్ళి "మర్చిపో, సర్దుకుపో" అనడం చాలా సులువు. రాముడు ఆ మాట లంకవాసులకు చెప్పలేదు. తన పక్షాన ఉన్నవాడికి చెప్పాడు.

పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో

భారతంలో ఇంకా కష్టమైన కథ ఉంది. కురుక్షేత్రం తర్వాత ఏం జరిగిందో మనం ఎక్కువగా మాట్లాడుకోం, సీరియల్స్ కూడా పట్టాభిషేకంతోనే ఆపేస్తాయి. యుద్ధం అయ్యాక ధృతరాష్ట్రుడు, గాంధారి పదిహేనేళ్ళు పాండవుల ఇంట్లోనే ఉన్నారు. ధర్మరాజు ఆయన్ని రాజులాగే చూసుకున్నాడు. రాజ్యం పనులు అడిగి చేశాడు, ఆయన మనసు నొప్పించొద్దని తమ్ముళ్ళకు చెప్పాడు.

భీముడికి మాత్రం చేతకాలేదు. అన్న లేనప్పుడు ధృతరాష్ట్రుడికి వినబడేట్టు భుజాలు చరుచుకుని, ఈ చేతులతోనే నీ కొడుకులను చంపానని అనేవాడు. చివరికి ఆ మాటలు పడలేక ముసలాయన అడవికి వెళ్ళిపోతానన్నాడు. పోయే ముందు భీష్ముడికి, ద్రోణుడికి, తన కొడుకులకు శ్రాద్ధం పెట్టాలని డబ్బు అడిగాడు. భీముడు వద్దన్నాడు. అర్జునుడు ఇద్దామన్నాడు. ధర్మరాజు ఇచ్చి పంపించాడు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు నాకు భీముడి మీద కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. విషం తినిపించింది ఎవరికి? లక్క ఇంటికి నిప్పు పెట్టింది ఎవరి మీద? నిండు సభలో ద్రౌపదిని ఈడ్చినప్పుడు పళ్ళు కొరుక్కుని కూర్చున్నది ఎవరు? అవన్నీ భీముడికి గుర్తున్నాయి. గుర్తుండటం పాపం కాదు. పాపం ఎక్కడ మొదలైందంటే, నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న గుడ్డి ముసలాయన చెవిలో ఆ జ్ఞాపకాన్ని రోజూ పోయడం దగ్గర. గాయం గుర్తుంచుకోవడానికీ, దాన్ని కర్ర చేసుకుని కొట్టడానికీ తేడా ఉంది.

ఇదే కథలో నన్ను బాగా కదిలించే మనిషి కుంతి. కొడుకులు గెలిచారు, రాజ్యం వచ్చింది. హాయిగా రాజమాతగా ఉండొచ్చు. కానీ ధృతరాష్ట్రుడు, గాంధారి అడవికి బయలుదేరితే ఆమె కూడా వాళ్ళ వెంట వెళ్ళిపోయింది, సేవ చేయడానికి. తన పిల్లలను చంపాలని చూసినవాళ్ళ అమ్మానాన్నలకు. ఆమె ఎవరినీ క్షమించానని ప్రకటించలేదు. గాంధారి చెయ్యి పట్టుకుని నడిపించింది, అంతే.

మా ఊళ్ళో, మా ఇంట్లో

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మాది మడకశిర దగ్గర పల్లె. నాగలిని మా వైపు మడక అంటారు. మా తాత మడక దున్నిన మనిషి. నేను పుట్టకముందు గట్టు దగ్గర పక్క పొలం వాళ్ళతో తగాదా వచ్చింది. ఆ ఇంటి కుర్రవాడు, పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో, కట్టెతో కొడితే తాత కుడి చెయ్యి విరిగింది. కట్టు కట్టించినా ఎముక సరిగ్గా అతకలేదు. మళ్ళీ మడక మేడి గట్టిగా పట్టుకోలేకపోయాడు. పెద్దమనుషులు పంచాయితీ చేసి సర్ది చెప్పారు. రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

ఆ కుర్రవాడు తర్వాత మిలిటరీలో చేరాడు. హవల్దార్‌గా రిటైరై ఊరికి వచ్చాడు. మా వైపు వేసవిలో బోర్లు ఎట్లా ఎండిపోతాయో చెప్పనక్కర్లేదు. ఆయన పొలంలో ఒక బోరులో మాత్రం నీళ్ళు ఉన్నాయి. తన పెన్షన్ డబ్బుతో ఆ బోరు నుంచి మా వీధి తొట్టి దాకా పైపు వేయించాడు. అప్పటి నుంచి ఎండాకాలంలో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్ళు వదులుతాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచి, రాత్రి రెండైనా మోటార్ వేస్తాడు. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోడు.

మా అవ్వ ఆ నీళ్ళు తెచ్చుకుంటుంది. ఆ ఇంటికి మాత్రం పోదు. ఆయన ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్కకు తిరుగుతుంది. కాలేజీలో ఉన్నప్పుడు నేను ఒకసారి, పెద్ద తెలివైనవాడిలా, "ఏం అవ్వా, నీళ్ళేమో తాగుతావు, మనిషితోనేమో మాట్లాడవు. ఇదేం న్యాయం?" అన్నాను.

అవ్వ బిందె దించి అనింది: "నీళ్ళకేం పాపం రా అబ్బీ? వాడు చేసేది మంచి పనే. నేను కాదన్లేదే. మీ తాత చెయ్యి నొప్పికి రాత్రుళ్ళు మూలుగుతా ఉంటే పక్కన కూర్చున్నది నేను. అది నువ్వు మర్చిపో అంటే నేనెట్లా మర్చిపోతా?"

తాత పోయినప్పుడు ఆ హవల్దార్ వచ్చాడు. వాకిట్లో కాసేపు దూరంగా నిలబడ్డాడు. పాడె లేపేటప్పుడు ముందుకొచ్చి భుజం పెట్టాడు. మా నాయన ఆయన్ని చూసి, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు. అవ్వ చూసింది. ముఖం తిప్పుకుంది. కానీ పొమ్మనలేదు. ఆ రోజు నాకు అది పెద్దగా అర్థం కాలేదు. ఇప్పుడు విభీషణుడి కథ చదివితే ఆ వాకిలే కళ్ళ ముందు కనబడుతుంది.

ఈ సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి ఆయన దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ గురించి థాంక్స్ చెప్పాను. పాత విషయం ఏదైనా ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. ఓల్టేజ్ తక్కువై మోటార్ రెండుసార్లు కాలిపోయిందని, ఈసారి స్టార్టర్ మార్చానని చాలాసేపు చెప్పాడు. నేను లేస్తుంటే మాత్రం అడిగాడు: "అవ్వ మోకాళ్ళు ఎట్లుండాయి నాయనా ఇప్పుడు?" ఇంటికొచ్చి అవ్వకు ఆ మాట చెప్పాను. అవ్వ ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "స్టార్టర్ ఎంతయిందంట?" అని అడిగింది.

ఆశీర్వాదం తీర్పు కాదు

ఇప్పుడు మంత్రాలయం కథకు తిరిగి వద్దాం. మఠం వాళ్ళు, మన పెద్దవాళ్ళు చెప్పే కథ ఇది. మఠం భూములను సర్కారు వెనక్కి తీసుకోవాలా వద్దా అనే విచారణ మీద కలెక్టర్‌గా మన్రో వచ్చాడు. బృందావనం ముందు చెప్పులు విడిచాడు, టోపీ తీశాడు. 1671లో బృందావన ప్రవేశం చేసిన స్వామి ఆయన ఒక్కడికే కనబడి మాట్లాడారు. పక్కనున్నవాళ్ళకు ఎవరితో మాట్లాడుతున్నాడో అర్థం కాలేదు. స్వామి మంత్రాక్షతలు ఇచ్చారు. మఠం భూమి మఠానికే ఉండిపోయింది.

ఈ కథను నేను ఇన్నాళ్ళూ ఒకవైపు నుంచే విన్నాను: "చూడండి, దొరకు కూడా స్వామి కనబడ్డారు!" ఇప్పుడు ఇంకోవైపు నుంచి వినబడుతోంది. ఈ కథ చెప్పుకున్నది ఓడిపోయిన నేల జనం. వాళ్ళు గెలిచినవాడిని ఎక్కడ నిలబెట్టారో చూడండి. సింహాసనం మీద కూర్చోబెట్టలేదు. చెప్పులు విప్పించి, టోపీ తీయించి, స్వామి ముందు నిలబెట్టి, చెప్పింది వినిపించారు. అధికారం మా గుడిలోకి రావాలంటే ఇట్లా రావాలి అని చెప్పారు. బానిసలు చెప్పుకునే కథ ఇట్లా ఉండదు.

మరి మంత్రాక్షతలు? అవి ఇచ్చినంత మాత్రాన తెర్నేకల్లు మాఫీ అయిపోయినట్టు కాదు. ఆశీర్వాదం తీర్పు కాదు. కోర్టు చేసే పని వేరు, గుడి చేసే పని వేరు. న్యాయం చేసినవాడికి ఆ న్యాయానికి అక్షతలు దొరికాయి. మిగతా లెక్క మిగతా లెక్కగానే ఉంది.

మన ఫీల్డ్ భాషలో చెప్పాలంటే, గిట్‌లో రెండు బ్రాంచ్‌లను మెర్జ్ చేస్తే కాన్ఫ్లిక్ట్స్ రిజాల్వ్ అవుతాయి, కోడ్ ముందుకు సాగుతుంది. కానీ హిస్టరీ డిలీట్ అవదు. ఎవరు ఏ లైన్ రాశారో, ఎప్పుడు రాశారో అన్నీ అట్లాగే ఉంటాయి. హిస్టరీని చెరిపేసి "అంతా క్లీన్" అనేవాడిని టీంలో ఎవరూ నమ్మరు. అట్లాగని కాన్ఫ్లిక్ట్ వచ్చిందని మెర్జే చేయనంటే ప్రాజెక్ట్ ఆగిపోతుంది.

నిజం దాచకుండా కలుసుకోవడం ఎట్లా ఉంటుందో మన కాలంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1971 డిసెంబర్ 16న బసంతర్ యుద్ధంలో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ఇరవై ఒక్క ఏళ్ళకే వీరమరణం పొందాడు, పరమవీర చక్ర వచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత, 2001లో, ఆయన తండ్రి బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్‌పాల్ తాను పుట్టిన సర్గోధాను చూడాలని పాకిస్తాన్ వెళ్ళారు. లాహోర్‌లో ఆతిథ్యం ఇచ్చిన బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్ ఎంతో గౌరవంగా చూసుకుని, చివరికి చెప్పేశాడు: ఆ రోజు మీ అబ్బాయి నా చేతిలోనే పోయాడని. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అయినా చెప్పాడు. ఆ తండ్రి విన్నారు. ఆ మాట దాచి ఉంటే అంతకుముందు చేసిన మర్యాద అంతా నటన అయ్యేది.

కాబట్టి మా ఫ్రెండ్ ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. శత్రువు చేసిన సేవను స్వీకరించడం బానిసత్వం కాదు. నీళ్ళకు పాపం లేదు. కానీ నీళ్ళు ఇచ్చాడు కదా అని విరిగిన చెయ్యి సంగతి మర్చిపొమ్మని బాధపడినవాళ్ళను అడిగే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా ఆ నొప్పి పడని నాలాంటివాడికి. మా అవ్వ తప్పు చేస్తోందని నేను కాలేజీలో అనుకున్నాను. నిజానికి ఆమె రెండు పనులూ సరిగ్గానే చేస్తోంది. మంచిని మంచి అంటోంది. గాయాన్ని గాయం అంటోంది. రోజూ ఆయన వాకిటి ముందు నిలబడి తిట్టడం లేదు. పాడె మోస్తానంటే అడ్డం పడలేదు. మాట్లాడటం అనేది ఆమె ఇష్టం, ఆమె టైం.

గాయం చేసినవాడి వైపు ధర్మం ఇంకా కష్టం. థాంక్స్ కోసం ఎదురు చూడకుండా రాత్రి రెండు గంటలకు లేచి మోటార్ వేయడం. క్షమించారా లేదా అని అడగకుండా మోకాళ్ళ గురించి అడగడం.

వచ్చే నెల మనం గండి ఆంజనేయస్వామి వీడియో చేస్తున్నాం. పాపాఘ్ని మీద రెండు కొండల మధ్య బంగారు తోరణం మన్రోకు కనబడిందని, అది కనబడినవాళ్ళు ఎక్కువ రోజులు బతకరని అక్కడివాళ్ళు చెప్పే కథ అందులో ఉంటుంది. ఈసారి ఆ కథతో పాటు గౌడప్ప పేరు, నరసింహారెడ్డి పేరు కూడా చెబుతున్నాం. స్క్రిప్ట్ ఆమే రాస్తోంది. వీడియో రెండు నిమిషాలు పెరుగుతుంది, పర్లేదు.

ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. మీ ఇంట్లో, మీ ఊళ్ళో మాటలు ఆగిపోయిన మనిషి ఒకరు ఉంటారు. వెంటనే వెళ్ళి కౌగిలించుకోమని నేను చెప్పను. తప్పు వాళ్ళదైతే, ఆ తర్వాత వాళ్ళు చేసిన మంచి పని ఒకటి ఉందేమో నిజాయితీగా గుర్తు చేసుకోండి. తప్పు మీదైతే, మాటలు వెతుక్కోకుండా వాళ్ళకు పనికొచ్చే పని ఒకటి మొదలుపెట్టండి. వాళ్ళు చూడకపోయినా ఆపకండి.

నేను మాత్రం ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆ స్టార్టర్ ఖర్చులో మా ఇంటి వాటా ఇచ్చి రావాలి. అవ్వ ఫోన్ చేసి రెండుసార్లు గుర్తు చేసింది. డబ్బు ఎవరు పంపారో చెప్పొద్దంది.

శ్రీ రాఘవేంద్రాయ నమః. జై శ్రీరామ్.